ఇప్పగుంపు నుంచి ఒక్క ఫిర్యాదు

మా అక్క కూతురు స్వాతికి పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. మధిర నుంచి మిఠాయి డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చి, డబ్బా నా చేతిలో పెట్టి, కూర్చోకముందే మొహం మాడ్చుకుంది. భద్రాచలం అవతల అడవి అంచు మండలానికి వేశారట. నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిపింది ఆ మండలంలోనే.

"అక్కడ సిగ్నల్ కూడా సరిగ్గా ఉండదంట పిన్నీ. మా పనంతా ఫోన్లోనే. ఫొటో ఎక్కించాలి, గ్రూపులో జవాబివ్వాలి. మీ రోజుల్లో ఇవేమీ లేవు, హాయిగా గడిపారు" అంది.

ఆ హాయి అనే మాటకు నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. లడ్డూ నోట్లో ఉంది కాబట్టి ఊరుకున్నాను. అది వెళ్లాక కాగితాలు ముందేసుకొని కూర్చున్నాను. స్వాతి కోసమూ, దానిలాగా కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లల కోసమూ రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎందుకు ఆలస్యమైంది అనేది ఇందులో ఉండదు. అవి వినాలని ఎవరికీ ఉండదు, మా ఇంట్లోవాళ్లకు కూడా.

వినడం అనే పని

నేను మండల పరిషత్తు ఆఫీసులో విస్తరణాధికారిని. పేరు పెద్దదే గానీ, పని చెప్పాలంటే ఊళ్లు తిరగడం, గ్రామసభలు పెట్టించడం, ఊరికి ఏం కావాలో విని పైకి చెప్పడం. వినడానికి చెవులుంటే చాలనుకుంటారు. ఈ ఉద్యోగంలో నడుం కూడా గట్టిగా ఉండాలి.

ఉదాహరణకు మా మండలంలో రాళ్లవాగు మీద రెండు ఊళ్లుండేవి. రోడ్డు మీద ఉన్నది నడిమిపాలెం. పత్తి, మిరప పండించే ఊరు, అంగళ్లున్న ఊరు. అక్కడ గ్రామసభ అరగంటలో ముగిసేది. అందరూ ఒకేసారి మాట్లాడతారు, మైకు చేతులు మారుతుంది, ఇద్దరు అలుగుతారు, చాయ్ వస్తుంది, అలిగినవాళ్లు కూడా తాగుతారు. నాకు ఆ సందడి ఇష్టంగానే ఉండేది.

రెండోది ఇప్పగుంపు. వాగుకు ఎగువన, అడవిలో ఉన్న కోయ ఊరు. అక్కడ సర్పంచ్ మడకం సీతమ్మ. నా ఈడుదే. సన్నగా, పొడవుగా ఉండేది. ఎంత పెద్ద ఆఫీసరునైనా నువ్వు అనే పిలిచేది, ఆ నువ్వులో నాకెప్పుడూ తక్కువతనం వినిపించలేదు.

ఇప్పగుంపులో మొదటిసారి గ్రామసభ పెట్టినప్పుడు, బోరు ఎక్కడ వేయాలో తేల్చడానికి నేను అలవాటు కొద్దీ, "ఇక్కడే కావాలన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాను. ఒక్కరూ ఎత్తలేదు. అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పాను. పిల్లలు నావైపు చూసి నవ్వారు.

"చెయ్యెత్తిపిస్తే ఎత్తనోడు ఓడిపోయినట్టే కదా మేడమ్మా" అంది సీతమ్మ. "రేపు వానితోని కలిసి చేనుకు పోవాలె. గట్ల ఓడగొట్టుకుంటే ఎట్ల?"

"మరి ఎట్లా తేలుస్తారు?"

"మాట్లాడుకుంటం. నువ్వు కూసో."

కూర్చున్నాను. పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది, దిగింది. ఒక్కొక్కరూ మాట్లాడారు. ముసలివాళ్లు, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు, ఎవరినీ వదల్లేదు. కోయలో కొంత, తెలుగులో కొంత. ఒకాయన ససేమిరా అన్నాడు. ఆయన్ను ఎవరూ తోసేయలేదు, ఆయన అనుమానం తీరేదాకా మళ్లీ మొదలుపెట్టారు. చివరికి అందరి మాటా ఒక్కటయ్యాక సీతమ్మ లేచి నాకు చెప్పింది. ఇక ఆ విషయం బయట చెప్పేది ఆమె ఒక్కతే. ఇంకొకరు నోరు విప్పితే ఊరు చీలిందని అర్థమట. నా నడుం పట్టేసింది గానీ, ఆ బోరు గురించి తర్వాత ఒక్క తగాదా రాలేదు. నడిమిపాలెంలో చేతులెత్తించి వేయించిన బోరు పైపును మాత్రం నేను బదిలీ అయ్యేలోపు రెండుసార్లు పీకారు.

రంగారావు గారి తువ్వాలు

మా పైఅధికారి రంగారావు గారు. మండలమంతటికీ ఆయనే పెద్ద. కల్లూరు వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఏ ఊరి చెరువుకు ఏ వైపు గండి పడుతుందో నిద్రలో అడిగినా చెప్పేవాడు. జిల్లా మీటింగులో మాత్రం నోట్లో నాలుక లేనట్టు కూర్చునేవాడు.

రెండు వేల దశకం మొదట్లో మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. ఆయన దాన్ని చూసి భయపడ్డాడని నేననను, కొత్త అల్లుడిని చూసినట్టు చూశాడు. సొంత తువ్వాలు తెచ్చి దాని మీద కప్పాడు. "ముట్టుకోకండి, పాడైతది" అన్నాడు. దసరాకు దండ వేయించి కొబ్బరికాయ కొట్టించాడు. ఇంటర్నెట్ కోసం టెలిఫోన్ లైను కలిపినప్పుడు అది కీచుకీచుమంటే, గది బయటికి వెళ్లి నిలబడి, "ఏమ్మా, అయిపోయిందా" అని అడిగేవాడు.

కొన్నాళ్లకు జిల్లాకు ఒక కొత్త ఆఫీసరు వచ్చాడు. చిన్న వయసు, చురుకైనవాడు, మనసు మంచిది. జనం పనులు మానుకొని సోమవారం సోమవారం జిల్లా ఆఫీసు చుట్టూ తిరగడం ఆయనకు నచ్చలేదు. ఫిర్యాదుల కోసం ఒక వెబ్‌సైటు పెట్టించాడు. ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే పంపవచ్చు, నేరుగా ఆయన గదిలో తెర మీద కనిపిస్తుంది.

ఇంటర్నెట్ మీద అక్కసుతో నేనిదంతా రాస్తున్నానని అనుకోకండి. మా మండలంలో ఒక వితంతువు పింఛను కోసం కాళ్లరిగేలా తిరిగింది. ఆమె ఇచ్చిన అర్జీని ఒక గుమాస్తా ఎన్నిసార్లు చెత్తబుట్టలో వేశాడో దేవుడికే తెలియాలి. నెట్ సెంటర్ నుంచి ఒక్క ఫిర్యాదు పంపితే ఆ పింఛను నడుచుకుంటూ వచ్చింది. ఆరోజు నేను ఆ కంప్యూటర్ మీది తువ్వాలు తీసి ఉతికి ఆరేశాను. యంత్రానికి అర్జీ చించడం చేతకాదు, అదొక గొప్ప గుణం.

చిక్కంతా ఇంకోచోట వచ్చింది. ఏ ఊరి నుంచి ఏ విషయం మీద ఎక్కువ ఫిర్యాదులొస్తే దాన్ని ముందు చూడాలని పద్ధతి పెట్టారు. వినడానికి న్యాయంగానే ఉంది. నాకూ మొదట న్యాయమే అనిపించింది.

ఒక వాగు, ఒక వంతెన

రాళ్లవాగు ఎండాకాలంలో చీలమండ కూడా తడవని వాగు. అడవిలో వాన పడితే మాత్రం ఒక్క గంటలో నడుం లోతు వస్తుంది, దానితోపాటు దుంగలు వస్తాయి. దాని మీద ఒక వంతెనకు అనుమతి వచ్చింది. ఒక్కదానికే. నడిమిపాలెం దగ్గర కట్టాలా, ఇప్పగుంపు దగ్గర కట్టాలా అనేది తేలాలి.

నడిమిపాలెం వాళ్ల అవసరం బూటకం కాదు. వాళ్ల చేలు వాగవతల ఉన్నాయి. వాగు వస్తే పత్తి ట్రాక్టర్లు చుట్టూ తిరిగి రావాలి, ఒక్కోసారి రెండు రోజులు ఆగాలి. తడిసిన పత్తిని ఎవరు కొంటారు?

ఇప్పగుంపు వాళ్లకైతే ఆ వాగు దాటడం తప్ప వేరే దారి లేదు. అంతకుముందు వానాకాలం సీతమ్మ పెద్ద కూతురు కాన్పుకు పుట్టింట్లో ఉంది. నొప్పులు మొదలైతే మంచం మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. వాగు నిండుగా ఉంది. మంచాన్ని ఒడ్డున ఒక బండ మీద దించి, నీళ్లు తగ్గేదాకా ఆగారు. బిడ్డ అక్కడే పుట్టింది, దక్కలేదు. తల్లి మాత్రం బతికి బయటపడింది.

ఇదంతా నాకు సీతమ్మే చెప్పింది, బోరు గురించి చెప్పినంత మామూలు గొంతుతో. నేను తట్టుకోలేక ఏడ్చాను. ఆమె లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"ఇప్పుడు నా కోడలు నాగమణి నీళ్లోసుకున్నది మేడమ్మా" అంది. "వానలల్లనే కాన్పు. ఈసారి గా బండ మీద మంచం దించను."

నాకు ఆ వంతెన అప్పటి నుంచి కట్టడం కాదు, నాగమణి. ఆఫీసులో దాని కాగితం చూసినప్పుడల్లా ఆ పిల్ల మొహమే కనిపించేది.

నరేశ్ ప్రజాస్వామ్యం

నడిమిపాలెంలో ఎరువుల షాపాయన కొడుకు నరేశ్. ఖమ్మంలో డిగ్రీ చదివాడు. నడుముకు సెల్‌ఫోన్ తగిలించుకొని తిరిగేవాడు, సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు ఎక్కేవాడు. వాడి మీద నాకు ఎంత కోపం తెచ్చుకుందామన్నా రాదు, ఇప్పటికీ రాదు. ఊరి కోసం ఏదో చేయాలని ఉన్న పిల్లవాడు.

అప్పట్లో కుర్రాళ్లంతా స్నేహాల కోసం చేరే వెబ్‌సైటు ఒకటి ఉండేది. అందులో నరేశ్ 'మన నడిమిపాలెం' అని ఒక బృందం పెట్టాడు. వాగులో దిగబడిన ట్రాక్టరు ఫొటో ఎక్కించాడు. మా ఊరికి వంతెన కావాలి, అందరూ ఫిర్యాదు పంపండి అని కింద రాశాడు. ఖమ్మంలో వాడి క్లాసువాళ్లు, వాళ్ల స్నేహితులు, హైదరాబాదులో ఉద్యోగాలు చేసేవాళ్లు, అందరూ పంపారు. ఇంత జనం అండ దొరకడం ఆ ఊరి చరిత్రలో లేదు.

ఒకరోజు మా ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు ఛాతీ విరుచుకొని నిలబడ్డాడు.

"చూసిన్రా మేడం? వారం తిరిగేలోపల ఎన్నొచ్చినయో. ఎవ్వని కాళ్లు పట్టుకోలే, ఏ లీడర్ ఇంటికి పోలే. ప్రజాస్వామ్యమంటే గిది."

"మీ నాన్న ఏమన్నారు?" అని అడిగాను.

"ఆయనకేం తెల్సు మేడం, ఆయనకు మెయిల్ ఐడీ లేదు" అన్నాడు.

నెట్ సెంటర్ ముందు ఊరు

మా ఆఫీసు ఎదురుగా లింగయ్య నెట్ సెంటర్. ఒకప్పుడు అది ఎస్టీడీ బూత్. సెల్‌ఫోన్లు వచ్చి ఆ బేరం పడిపోతే, అదే అద్దాల గదిలో ఒక కంప్యూటర్ పెట్టి బోర్డు మార్చాడు. గదిలో ఇద్దరు పడితే మూడో మనిషికి చోటుండదు.

ఒక ఉదయం నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తే లింగయ్య దుకాణం ముందు జాతరలాగా ఉంది. ఇప్పగుంపు మొత్తం వచ్చింది. ఆడవాళ్లు, మగవాళ్లు, చంకల్లో పిల్లలు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లు. తెల్లవారకముందే బయల్దేరి అడవిలోంచి నడిచి వచ్చారు. నీళ్ల బుర్రలు, అంబలి తెచ్చుకున్నారు. నాగమణి కూడా వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చుంది.

పరుగున వెళ్లాను. లింగయ్య తల పట్టుకొని ఉన్నాడు. "మేడం, వీళ్లందరికి ఒక్కొక్క ఫిర్యాదు కొట్టాల్నంటే రేపటిదాక పడతది" అన్నాడు.

"ఒక్కొక్కటి ఎందుకయ్యా?" అంది సీతమ్మ. "ఒక్కటే."

లోపల స్టూలు మీద కూర్చొని చెప్పింది. లింగయ్య ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాడు. అయ్యాక, కొట్టింది అందరికీ వినబడేలా గట్టిగా చదవమన్నారు. చదివాడు. దయచేసి వంతెన కట్టండి అన్న దగ్గర వెనుక నుంచి ఒక ముసలాయన ఆగమన్నాడు. మనం అడుక్కుంటున్నామా అని ఆయన సందేహం. దాని మీద కాసేపు మాట్లాడుకున్నారు. దయచేసి తీసేశారు. ఇంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యో మొర్రో అని అరిచి ఊరుకుంది, కొట్టిందంతా పోయింది. ఎవరూ విసుక్కోలేదు. అంబలి తాగారు, నాకూ పోశారు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి.

అప్పుడు నేను సీతమ్మను పక్కకు తీసుకెళ్లాను. "అక్కడ లెక్క చూస్తారు సీతమ్మా. నడిమిపాలెం నుంచి కుప్పలు కుప్పలుగా వచ్చాయి. ఇంతమంది వచ్చారు కదా, కష్టమైనా తలా ఒకటి పంపండి. లింగయ్యకు నేను సాయం కూర్చుంటాను."

"మా మాట ఒక్కటైంది మేడమ్మా. ఒక్కటే మాటను ఇంతమంది ఇన్నిసార్లు చెప్తే, ఒక్కటి కాలేదనుకుంటరు. ఊరు పగిలింది అనుకుంటరు."

"వాళ్లకు మీ పద్ధతి తెలియదు."

"తెల్వకపోతే నువ్వు చెప్పు" అంది. "మా సభల కూసున్నవ్ కదా."

ఒక్కటే పంపారు. లింగయ్య మీట నొక్కేటప్పుడు అద్దానికి మొహాలు ఆనించి అందరూ చూశారు. తెర మీద అందినట్టు వచ్చిందని చెబితే, వచ్చిన దారినే అడవిలోకి నడిచి వెళ్లిపోయారు.  ఊరంతా ఇంత నిష్ఠగా చేసిన పని పైన ఒక అంకెగా మారి, అది కూడా అన్నిటికంటే చిన్న అంకెగా కనిపిస్తుందని నాకు తెలుసు.

తెర మీద గీత

సోమవారం జిల్లా మీటింగు. గోడ మీద తెర కట్టి, ఏ పనికి ఎన్ని ఫిర్యాదులో గీతలుగా చూపించారు. రాళ్లవాగు వంతెన దగ్గరికి వచ్చేసరికి నడిమిపాలెం గీత తెర పైఅంచు దాకా లేచింది. ఇప్పగుంపు గీత కింద చీమలాగా ఉంది. వెనుక వరసలో ఎవరో నవ్వారు.

"ఇందులో చర్చకేముంది" అన్నాడు ఆఫీసరు.

నేను లేచాను.  "సార్, ఆ ఒక్క ఫిర్యాదు ఊరంతా నడిచొచ్చి పెట్టింది. వాళ్లు ఒక మాట అనుకున్నాక ఒక్కరే చెబుతారు. అది ఒక ఓటు కాదు సార్, ఒక ఊరు."

ఆయన శ్రద్ధగానే విన్నాడు. "నిజమే కావచ్చు. కానీ మేడం, మీరు చెప్పారని ఒకదాన్ని వందగా లెక్కపెడితే, రేపు ప్రతి మండలం వాళ్లూ అదే చెబుతారు. నేనేం చేయాలి?"

నేను కూర్చోబోతుంటే పక్కన కుర్చీ చప్పుడైంది. రంగారావు గారు లేచి నిలబడ్డాడు. అన్నేళ్లలో ఆయన మీటింగులో లేవడం నేను చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

"సార్, నాకు మిషను తెల్వదు. ఒక్కటి అడుగుత. ఫిర్యాదు పెట్టినోళ్ల అడ్రసులు దాంట్ల ఉంటయి కదా?"

"ఉంటాయి."

"మరి అందరికీ ఒక్కటే మెయిల్ కొట్టియ్యండి. ఫలానా రోజు మేము వాగు కాడికి వస్తున్నం, మీరు గూడ రండ్రి అని. ఎవ్వరి ఫిర్యాదెనక ఎంతమందున్నరో ఆడ నిలబడితే తెలుస్తది."

 ఆఫీసరు మొదట ఆయన్ను చూశాడు, తర్వాత తెర మీది గీతలను చూశాడు, తర్వాత నవ్వాడు. సరే అన్నాడు. బయటికి వచ్చాక రంగారావు గారు చెమట తుడుచుకొని, "ఏమ్మా, తప్పేం మాట్లాడలే కదా" అని నన్నడిగాడు. నేను ఆయన కాళ్లకు దండం పెట్టినంత పని చేశాను.

బండ మీద

ఆ రోజు ఎండ మండిపోతోంది. ముందు నడిమిపాలెం దగ్గర ఆగాం. నరేశ్ కొత్త చొక్కా వేసుకొని, కెమెరా మెడలో వేసుకొని నిలబడ్డాడు. వాడితో మోటారుసైకిళ్ల మీద వచ్చిన స్నేహితులు కొందరు. అంతే.

"మిగతావాళ్లు?" అన్నాడు ఆఫీసరు.

"హైదరాబాద్ నుంచి చాలామంది ఆల్ ది బెస్ట్ అని పంపిన్రు సార్" అన్నాడు నరేశ్. చెబుతుండగానే మొహం ఎర్రబడింది.

"ఊళ్లో రైతులేరి?"

"మిరప కల్లాల కాడున్నరు. వాళ్లకు... ఈ సంగతి తెల్వదు సార్."

పక్కనే కల్లంలో నరేశ్ వాళ్ల నాన్న మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఆఫీసరు పిలిపిస్తే వచ్చాడు. వంతెన కావాలని అడిగారట కదా అంటే, బిత్తరపోయి కొడుకును చూశాడు. "కావాలనే ఉంది సార్. కని నన్నెవ్వరడగలే" అన్నాడు.

నరేశ్ మమ్మల్ని వదల్లేదు. ఎగువకు వెళ్తుంటే బండి వేసుకొని వెంట వచ్చాడు. అందుకే వాడి మీద నాకు కోపం రాదని ముందే చెప్పాను.

లింగయ్య దుకాణానికి వచ్చిన మెయిలు కబురు అందుకొని, ఇప్పగుంపు రేవులో ఊరంతా నిలబడి ఉంది. పసిపిల్లల దగ్గర నుంచి కర్రల ముసలివాళ్ల దాకా, లింగయ్య దుకాణం ముందు నేను చూసిన మొహాలన్నీ ఉన్నాయి. సీతమ్మ ముందుకు వచ్చి వంతెన ఎక్కడ కావాలో, ఎందుకు కావాలో చెప్పింది. బండ చూపించింది. పోయిన వానల్లో ఇక్కడ మంచం దించాం అని మాత్రం అంది.

ఆఫీసరు ఇంకొకరిని అడిగి చూద్దామనుకున్నాడేమో, "మీరేమంటారు?" అని ఒక ముసలాయన వైపు తిరిగాడు.

"ఆమె చెప్పింది కదా" అన్నాడు ఆయన.

ఒక నడివయసు ఆమెను అడిగాడు. "చెప్పింది కదా" అంది. ఒక యువకుడిని అడిగాడు. అదే జవాబు. ఇంకా ఇద్దరు ముగ్గురిని అడిగాక ఆయన అడగడం ఆపేశాడు. తల నుంచి టోపీ తీసి ఆ బండ పక్కన కాసేపు నిలబడ్డాడు. నరేశ్ కూడా ఆ బండనే చూస్తున్నాడు. కెమెరాను మెడలోంచి తీసి మోటారుసైకిల్ డబ్బాలో పెట్టాడు.

"మరి వాళ్ల పత్తి సంగతేంటమ్మా?" అన్నాడు ఆఫీసరు, నరేశ్‌ను చూపించి. "వాళ్ల కష్టమూ కష్టమే కదా."

సీతమ్మ వెనక్కి తిరిగి ఊరివాళ్లను చూసింది. "దాని మీద మేం మాట్లాడుకోలే. కూసోండ్రి" అంది.

జిల్లా ఆఫీసరు వాగు రాళ్ల మీద కూర్చున్నాడు. రంగారావు గారు తువ్వాలు పరిచి కూర్చున్నాడు. ఊరు మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. వాగవతలి చేల నుంచి నడిమిపాలెం బండ్లు ఈ వంతెన దాకా రావాలంటే ఇప్పగుంపు చేలలోంచి బాట ఇవ్వాలి. బాట పోయే చేను ఒకాయనది, ఆయన ఒప్పుకోలేదు. ఆయనకు వేరేచోట చేను సర్దుతామని ఒకరు, ఎక్కడ సర్దుతారని ఆయన. మధ్యాహ్నం గడిచింది. ఆఫీసరుకు ఆకులో అన్నం పెట్టారు, తిన్నాడు. డ్రైవరు జీపులో నిద్రపోయి లేచాడు. ఒక దశలో నరేశ్ ఉండబట్టలేక, "మా దిక్కు ఒడ్డున మట్టి మేం పోసుకుంటం" అన్నాడు. సభలో వాడి మాటా కలిపేసుకున్నారు.

పొద్దువాలే వేళకు చేను ఆయన తలూపాడు. సీతమ్మ లేచింది.

"బ్రిడ్జి ఈడ కట్టుండ్రి. పాలెపోళ్ల బండ్లు మా చేలల్లకెల్లి పోతయి. గంతే మా మాట."

జీపులో వెనక్కి వస్తూ ఆఫీసరు రంగారావు గారితో, "నా తెర మీద ఇవన్నీ ఎట్లా చూపించాలో నాకు తెలియడం లేదండీ" అన్నాడు. ఆయన నిజాయితీ నాకు చాలా నచ్చింది. ఆ వెబ్‌సైటు అలాగే ఉంది, గీతలూ అలాగే ఉన్నాయి. కానీ గీత పొడవు చూసి పని తేల్చే ముందు ఎవరో ఒకరు ఆ ఊరికి వెళ్లి రావాలన్న నియమం మాత్రం వచ్చింది. ఆ ఎవరో ఒకరు ఎవరంటే మనమే.

నాగమణి దాటింది

వంతెన పని మొదలైంది గానీ, వానలు ముందే వచ్చాయి. స్లాబు పడింది గానీ రెయిలింగు లేదు, పక్కన ఇంకా ఇసుక కుప్పలున్నాయి, సిమెంటు బస్తాలు పట్టా కప్పుకొని ఉన్నాయి. నాగమణికి నొప్పులు మొదలైన రోజు వాగు రెండు ఒడ్లూ ఒరుసుకొని పారుతోంది. అత్త చెయ్యి పట్టుకొని, కింద బురద నీళ్లు చూడకుండా, ఆ పిల్ల ఇంకా పూర్తికాని వంతెన మీద నడిచి దాటింది. ఈవలి ఒడ్డున నరేశ్ వాళ్ల ట్రాక్టరు సిద్ధంగా ఉంది. వంతెన పనివాళ్లలో ఎవరో సిగ్నల్ కోసం గుట్టెక్కి వాడి సెల్‌కు ఫోన్ చేశారు. భద్రాచలం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది.

నేను చూడటానికి వెళ్తే సీతమ్మ ఆ పిల్లను నా ఒడిలో పెట్టింది. అంతకుముందు నాకు నీళ్లు తెచ్చిచ్చిన మనిషి, ఆరోజు తనే ఏడ్చింది. ఈసారి నేను నీళ్లు తెచ్చాను. నా ఉద్యోగంలో ఏం చేశావని ఎవరైనా అడిగితే ముందు ఆ మంచం పక్కన గడిపిన మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

నరేశ్ తర్వాత తన బృందంలో ఆ వంతెన ఫొటో పెట్టాడు. కింద ఏమీ రాయలేదు. ఆ తర్వాత వాడు ఊరి కోసం ఏం అడగాలన్నా ముందు కల్లాలకు వెళ్లి అడిగి, ఆ మాటనే పంపేవాడు. ఫిర్యాదులు తగ్గాయి, పనులు మాత్రం ఎక్కువయ్యాయి.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్ మాకు లేనంత మంచి వస్తువు. దూరపు మాటను దగ్గరికి తెస్తుంది, గుమాస్తాలు దాన్ని చించలేరు. అయితే ఎక్కువసార్లు వినిపించిన మాట ఎక్కువమంది మాట కానక్కరలేదు. ఒక్కసారే వినిపించిన మాట వెనుక ఎంతమంది నడిచొచ్చారో ఫోన్ చెప్పదు. దానికి చెప్పులేసుకొని వెళ్లాలి, వెళ్లి కూర్చోవాలి. నడుం నొప్పికి కొబ్బరినూనె, కర్పూరం పనిచేస్తాయి.

ఇదంతా రాసి స్వాతికి ఇచ్చాను. చదివిందో లేదో ఏమీ చెప్పలేదు. బ్యాగులో పెట్టుకొని ఉద్యోగానికి వెళ్లిపోయింది. రాళ్లవాగు మీది ఆ రెండు ఊళ్లూ దాని కిందికే వచ్చాయి. ఈ వానాకాలం ఒక పొద్దున ఫోన్ చేసింది.

"పిన్నీ, మండలం గ్రూపులో నిన్నటి నుంచి నడిమిపాలెం వీధి లైట్ల మీద ఒకటే మోత. తెరిస్తే ఫోన్ వేడెక్కుతోంది" అంది.

"మరి అటు వెళ్తున్నావా?"

"సాయంత్రం వెళ్తాను. పొద్దున్నే ఇప్పగుంపు నుంచి వచ్చింది, వంతెన పక్కన మట్టి కోసుకుపోతోందని."

"ఎన్ని వచ్చాయి?"

"ఒక్కటే" అంది. వెనుక స్కూటీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. "అందుకే ముందు అక్కడికి పోతున్నా."